పళ్ల మీద తెల్ల మచ్చలు: ఏ మచ్చకు ఏ వైద్యం, ఎక్కడ ఆగాలి

నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఎవరి ముందుపళ్ల మీదైనా తెల్ల మచ్చ కనిపిస్తే రెండో ప్రశ్న ఉండదు. ‘ఫ్లోరిన్ నీళ్లు’ అనేస్తారు. చాలాసార్లు అది నిజమే. కానీ క్లిప్పులు తీయించుకున్న ఇంటర్ పిల్లాడికీ, చిన్నప్పుడు గడప మీద పడి పాలపన్ను లోపలికి దిగిన పాపకూ, రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకొని పడుకునే రెండేళ్ల పిల్లకూ మచ్చ తెల్లగానే ఉంటుంది. పైకి ఒకేలా కనిపించినా వీటి వైద్యాలు వేరు. పిప్పి మొదలవుతున్న పన్నును ఫ్లోరిన్ మచ్చ అనుకుని వదిలేస్తే ఏడాదికి గుంత పడుతుంది. తేలికపాటి ఫ్లోరిన్ మచ్చకు భయపడి ఆరు పళ్లు అరగదీయించి వెనీర్లు (పంటి ముందు అంటించే పలచని పలకలు) వేయించుకుంటే ఆ పళ్లను జీవితాంతం మరమ్మతు చేయిస్తూనే ఉండాలి.

డాక్టరు దగ్గర పేర్లు చాలా వినిపిస్తాయి: వార్నిష్, మైక్రోఅబ్రేషన్, ఇన్‌ఫిల్ట్రేషన్, బ్లీచింగ్, కాంపోజిట్, వెనీర్, క్యాప్. రేటు కార్డు పక్కన పెట్టుకుని వీటిలో ఒకటి ఎంచుకోవడం కుదరదు. మచ్చ ఎందుకు వచ్చింది, ఎంత లోతుంది అన్న రెండు సంగతులు తేలితే సగం పేర్లు వాటంతటవే పక్కకు పోతాయి. మిగిలినవాటిలో పంటిని తక్కువ అరగదీసేదాన్ని ముందు చేయించుకోవాలి. అది చాలకపోతే పై మెట్టుకు ఎప్పుడైనా వెళ్లొచ్చు, కానీ అరగదీసిన ఎనామిల్ (పంటి పైనుండే గట్టి తొడుగు) తిరిగి రాదు.

ముందు మచ్చను సరిగ్గా చూడండి

పగటిపూట కిటికీ దగ్గర అద్దం పట్టుకుని చూడండి. ట్యూబ్‌లైటు వెలుతురులో సగం మచ్చలు దొరకవు. పళ్లు తోముకుని, పెదవి పైకెత్తి, ముందు తడి పంటిని చూడండి. తర్వాత మెత్తటి గుడ్డతో తుడిచి, నోరు తెరిచే ఉంచి, పది పదిహేను సెకన్లు ఆరనిచ్చి మళ్లీ చూడండి. ఆరినప్పుడే కనిపించి, తడిస్తే మాయమయ్యే మచ్చ పైపైన ఉన్నట్టు. తడిగా ఉన్నా స్పష్టంగా కనిపిస్తే లోతుగా ఉన్నట్టు. పిన్నుతోనో సూదితోనో గీకి చూడొద్దు. మెత్తబడిన ఎనామిల్ అయితే ఆ గీతే గుంత అవుతుంది.

మచ్చ తెల్లగా ఎందుకు కనిపిస్తుందో తెలిస్తే తర్వాత చెప్పే వైద్యాలు సులువుగా అర్థమవుతాయి. గట్టిగా అల్లుకున్న ఎనామిల్లోంచి వెలుతురు లోపలికి పోతుంది. ఖనిజం తగ్గిన చోట కంటికి కనిపించని సన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలో నీరో గాలో నిండి ఉంటుంది. వెలుతురు అక్కడ చెదిరిపోయి సున్నం పూసినట్టు కనిపిస్తుంది. తుడిస్తే నీరు పోయి గాలి చేరుతుంది, చెదరడం ఇంకా ఎక్కువవుతుంది. ఆరిన పంటి మీద మచ్చ పెద్దదై కనిపించడం ఇందుకే. నోరు తెరిచి పడుకునేవాళ్లకు పొద్దున్నే మచ్చలు ఎక్కువగా కనిపించి, చాయ్ తాగేసరికి తగ్గిపోయేది కూడా ఇందుకే.

అంటే మచ్చ పంటి లోపల ఉంది, పైన అంటుకున్న మురికి కాదు. పళ్ల క్లీనింగ్ చేయించినా, ‘వైట్నింగ్’ అని రాసిన పేస్టు రుద్దినా పోదు. నిమ్మచెక్క, సోడా ఉప్పు, బొగ్గుపొడి, ఇటుక పొడి అసలే వద్దు. నిమ్మరసం ఎనామిల్‌ను కరిగిస్తుంది, పొడులు గీస్తాయి. రెండు రోజులు తెల్లగా అనిపించినా ఆరు నెలలకు పళ్లు జివ్వుమనడం మొదలవుతుంది.

మచ్చ ఆకారమే కారణం చెబుతుంది

ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ల వల్ల, అంటే ఊళ్లో ‘ఫ్లోరిన్ నీళ్లు’ అనేవాటి వల్ల, వచ్చే ఫ్లోరోసిస్, మన దగ్గర గార పళ్లు అనేది, జంటగా వస్తుంది. కుడి ముందుపంటి మీద ఉంటే ఎడమ ముందుపంటి మీదా దాదాపు అలాగే ఉంటుంది. అడ్డంగా సన్నని తెల్ల గీతలు, లేకపోతే మబ్బు కమ్మినట్టు అంచు తెలియని తెలుపు. కోరపళ్ల కొసలు సున్నంలో ముంచినట్టుంటాయి. తీవ్రమైతే పన్నంతా సుద్దలా మారుతుంది, గోధుమరంగు చారలు, చిన్న గుంటలు కనిపిస్తాయి. ఒక సంగతి చాలామందికి తెలియదు. ఆ గోధుమరంగు పంటితో పాటు రాదు. పన్ను చిగురు నుంచి బయటకు వచ్చేటప్పుడు తెల్లగానే ఉంటుంది. రంధ్రాలున్న ఎనామిల్ తర్వాత చాయ్, పసుపు, తంబాకు రంగు పీల్చుకుంటుంది. గుంటలు కూడా నమిలేటప్పుడు బలహీనమైన పైపొర రాలిపోయి పడేవే.

ఫ్లోరోసిస్ పన్ను తయారయ్యే వయసులోనే పడుతుంది. పై ముందుపళ్లకు ఏడాది దాటినప్పటి నుంచి మూడేళ్ల లోపు కాలం కీలకం. ఎనిమిదేళ్లు దాటేసరికి జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్ల పైభాగాలన్నీ ఎముకలో తయారైపోయి ఉంటాయి. అందుకే ఇప్పుడు తాగే నీళ్ల కన్నా ఆ వయసులో తాగిన నీళ్లను గుర్తు చేసుకోవాలి. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నా, పసితనం మర్రిగూడ బోరు మీద గడిచిన మనిషి పళ్లు ఆ బోరు కథే చెబుతాయి. పాలమూరు నుంచి వలస పోయి వచ్చిన ఇళ్లలో పిల్ల రెండేళ్ల వయసులో ఏ ఊళ్లో ఉందో అడిగితేనే లెక్క తేలుతుంది. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లకు జంట మచ్చలు కనిపిస్తే, ఇంట్లో తాగేవి నిజంగా నల్లా నీళ్లేనా, పొలం కాడి బోరు నీళ్లా, అంగన్‌వాడీలో ఏ నీళ్లు పోస్తున్నారు అని చూడాలి.

పిప్పి మొదటి దశ వేరేలా ఉంటుంది. చిగురు అంచు వెంబడి అర్ధచంద్రాకారంలో, మెరుపు లేకుండా, పైన పాచి పట్టి కనిపిస్తుంది. పసిపిల్లలకైతే పై నాలుగు పాలపళ్ల మీద చిగురును ఆనుకుని తెల్ల పట్టీ. రాత్రి నోట్లో సీసా, పాలలో చక్కెర దీనికి కారణాలు. క్లిప్పులు తీసినవాళ్లకు క్లిప్పు అంటించిన చోటు చుట్టూ చదరపు చట్రంలా మచ్చ మిగులుతుంది. క్లిప్పు కింద పన్ను బాగుండి, చుట్టూ పాచి నిలిచిన చోట ఖనిజం పోయిందన్నమాట.

ఒక్క పంటి మీదే, అంచు గీసినట్టు స్పష్టంగా, తెల్లగానో మీగడ రంగులోనో పసుపుగానో మచ్చ ఉంటే పాలపంటికి తగిలిన దెబ్బో, దాని వేరుకు చీము పట్టడమో కారణం కావొచ్చు. కింద తయారవుతున్న శాశ్వత పంటికి అప్పుడే ఆ గుర్తు పడుతుంది.

తల్లిదండ్రులు చాలావరకు దాటేసేది ఇంకొకటి ఉంది. ఏడెనిమిదేళ్ల పిల్లకు ముందుపంటి మీద అంచున్న మీగడరంగు మచ్చ, దానితో పాటు ఆరేళ్లకు వచ్చిన మొదటి దవడపళ్లు పసుపుగా, పెచ్చులూడుతూ, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటూ ఉండటం. డాక్టర్లు దీన్ని ఎంఐహెచ్ అంటారు. ముందుపంటి అందం గురించి వచ్చినా ముందు కాపాడాల్సింది వెనక దవడపన్ను. అది ఏడాదిలోనే విరిగిపోవచ్చు. బ్రష్ చేస్తే నొప్పని పిల్లలు ఆ పక్క తోమరు, పిప్పి ఇంకా త్వరగా పడుతుంది. ఇక్కడ అందం పని ఆగినా పర్వాలేదు, దవడపంటికి పూత వేయించడమో, సిమెంట్ పెట్టించడమో, చిన్న స్టీలు క్యాప్ వేయించడమో ఆగకూడదు.

అరగదీయకుండా చేసేది: ఖనిజం తిరిగి పట్టించడం

ఇది పిప్పి మొదటి దశ మచ్చకు, క్లిప్పుల మచ్చకు మాత్రమే. ఫ్లోరోసిస్ మచ్చకు ఎన్ని పూతలు పూసినా రంగు మారదు. ఆ పేరుతో డబ్బు తీసుకుంటే ఎందుకని అడగండి.

రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోమాలి. ట్యూబు మీద ఫ్లోరైడ్ ఎన్ని పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని) ఉందో రాసి ఉంటుంది, మన దేశంలో అది 1000 మించకూడదు. తోమాక నురుగు ఉమ్మేసి, నోరు నీళ్లతో బాగా పుక్కిలించకుండా వదిలేస్తే పేస్టు పని చేయడానికి సమయం దొరుకుతుంది. తిండికి తిండికి మధ్య చక్కెర చాయ్, బిస్కెట్, కూల్‌డ్రింక్ ఆపకపోతే మిగతాదంతా వృథా. డాక్టరు 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ మూడు నుంచి ఆరు నెలలకోసారి పూస్తారు. రెండు నిమిషాల పని. పూసిన రోజు పళ్లు కాస్త పసుపుగా, జిగటగా ఉంటాయి, ఆ రాత్రి బ్రష్ చేయరు. పాల ప్రొటీన్‌తో చేసిన క్రీములు కూడా రాసిస్తారు. అవి కొంత తోడ్పడొచ్చు, కానీ సరిగ్గా తోమేవాళ్లకు పేస్టు మీద పెద్ద తేడా తెస్తాయని గట్టిగా చెప్పలేం. పాలకు అలర్జీ ఉన్నవాళ్లు వాటికి దూరంగా ఉండాలి.

క్లిప్పులు తీసిన వారానికే మచ్చల గురించి కంగారు పడి పరుగెత్తొద్దు. మొదటి ఆరు నెలల్లో లాలాజలంతోనే చాలా మచ్చలు తగ్గుతాయి. ఆ కాలంలో ముందుపళ్ల మీది మచ్చలకు ఘాటైన ఫ్లోరైడ్ పూతలు కూడా పూయకుండా మామూలు పేస్టుతో ఆగమంటారు. ఘాటు పూత పైపొరను మూసేస్తే కిందున్న తెలుపు అలాగే ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత మిగిలినదానికే తర్వాతి మెట్టు.

మైక్రోఅబ్రేషన్, ఇన్‌ఫిల్ట్రేషన్: తేలికపాటి గారకు అసలు పోటీ ఈ రెండింటి మధ్యే

మైక్రోఅబ్రేషన్‌లో చిగుళ్లకు రబ్బరు తొడుగు వేసి, తక్కువ గాఢత హైడ్రోక్లోరిక్ యాసిడ్, గరుకు పొడి కలిసిన ముద్దను పంటి మీద వేసి, మెల్లగా తిరిగే రబ్బరు కప్పుతో నిమిషం లోపు రుద్దుతారు. కడిగి, పంటిని తడిపి చూసి, అవసరమైతే మళ్లీ రుద్దుతారు. సాధారణంగా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల ఎనామిల్ పోతుంది. ముందుపంటి మధ్యలో ఎనామిల్ దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి అది పెద్ద నష్టం కాదు. చిగురు దగ్గర ఎనామిల్ పలచన, అక్కడ జాగ్రత్త. పైపై గోధుమ మచ్చలకు దీన్ని మించింది లేదు. ఒకసారి పోయిన గోధుమరంగు సాధారణంగా తిరిగి రాదు. సామాను ఖరీదు తక్కువ, ఒకటి రెండు సిట్టింగులు చాలు. అయితే లోతైన తెల్ల మచ్చకు ఇది పనికిరాదు. రుద్దేకొద్దీ తెలుపు ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. రెండు మూడుసార్లకు తగ్గకపోతే ఆపేయాలి, ఇంకొంచెం ఇంకొంచెం అని రుద్దకూడదు.

ఇన్‌ఫిల్ట్రేషన్ దారి వేరు. మిరపకాయ బజ్జీ కట్టిన కాగితం గుర్తు చేసుకోండి. నూనె అంటిన చోట కాగితం పారదర్శకమై వెనకున్న అక్షరాలు కనిపిస్తాయి. కాగితంలోని సందుల్లో గాలి స్థానంలోకి నూనె వచ్చింది, వెలుతురు చెదరడం తగ్గింది, అంతే. మచ్చ రంధ్రాల్లోకి నీళ్లలాంటి పలచని రెజిన్ అనే జిగురు పంపి, నీలి లైటుతో గట్టిపరిస్తే అదే జరుగుతుంది. ఎనామిల్ వెలుతురును వంచే గుణం 1.62, నీటిది 1.33, గాలిది 1. రెజిన్‌ది దాదాపు 1.5, అంటే ఎనామిల్‌కు దగ్గర. కంటికి తేడా తెలియదు.

ఇక్కడ కుర్చీలో జరిగేదాన్ని దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఫలితం ఒక్క అడుగు మీద ఆధారపడుతుంది. రబ్బరు తొడుగు వేసి, 15 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ జెల్ 2 నిమిషాలు ఉంచుతారు. మచ్చ మీద మూతలా ఉన్న గట్టి పైపొరను తెరవడానికి ఇది. 30 సెకన్లు కడిగి, గాలితో ఆరబెట్టి, స్పిరిట్ లాంటి ఇథనాల్ చుక్క వేస్తారు. అప్పుడు పంటిని చూడాలి. స్పిరిట్ తడికి మచ్చ కాసేపు మాయమైతే రెజిన్‌కూ మాయమవుతుంది, ముందుకెళ్లొచ్చు. అప్పటికీ తెల్లగానే కనిపిస్తే మూత ఇంకా తెరుచుకోలేదన్నమాట, జెల్ మళ్లీ 2 నిమిషాలు వేయాలి. గార పంటి పైపొర యాసిడ్‌కు తొందరగా లొంగదు, కాబట్టి ఇలా రెండు మూడుసార్లు పడుతుంది. తర్వాత రెజిన్ 3 నిమిషాలు పీల్చనిచ్చి, పళ్ల మధ్య దారం తిప్పి, 40 సెకన్లు లైటు వేస్తారు. రెండోసారి ఒక నిమిషం రెజిన్, మళ్లీ లైటు, చివర నున్నగా పాలిష్. తొందరలో స్పిరిట్ పరీక్ష దాటేసి రెజిన్ పోస్తే మచ్చ సగంలో ఆగిపోతుంది, లోపల గట్టిపడిన రెజిన్‌ను తీయడం కుదరదు. ‘స్పిరిట్ వేసినప్పుడు మచ్చ పోయిందా’ అని అడగడానికి మొహమాటపడొద్దు.

మత్తు సూది అక్కర్లేదు, పోయే ఎనామిల్ చాలా తక్కువ. క్లిప్పుల మచ్చలకు, తేలికపాటి నుంచి మధ్యస్థ ఫ్లోరోసిస్ తెలుపుకు ఇది బాగా పనిచేస్తుంది. గోధుమరంగును తీసేయదు, దాన్ని లోపలే బంధిస్తుంది. కాబట్టి గోధుమరంగు ఉంటే ముందు బ్లీచింగో మైక్రోఅబ్రేషనో. దెబ్బ మచ్చలు, ఎంఐహెచ్ మచ్చలు లోతు నుంచి మొదలవుతాయి కాబట్టి వాటిలో ఫలితం నమ్మకంగా చెప్పలేం, సగం తగ్గినా మంచిదే అనుకోవాలి. పంటి వెనక నుంచి చిన్న టార్చి వేసి చూస్తే లోతైన మచ్చ నీడలా నల్లగా కనిపిస్తుంది, డాక్టర్లు లోతును ఇలాగే అంచనా వేస్తారు. కిట్ ఖరీదైనది, ఒకసారి తెరిస్తే దాచుకునేది కాదు. అందుకే రెండు పళ్లకు ఒకసారి, ఇంకో రెండింటికి మరోసారి కాకుండా అన్ని పళ్లూ ఒకే సిట్టింగులో చేయించుకుంటే పంటికి పడే ఖర్చు తగ్గుతుంది.

రెండింట్లో ఏది? గోధుమరంగు పైపైనే ఉంటే మైక్రోఅబ్రేషన్. రంగు లేని మబ్బు తెలుపైతే ఇన్‌ఫిల్ట్రేషన్. రెండూ కలిసి ఉంటే ముందు మొదటిది, మిగిలిన తెలుపుకు రెండోది.

బ్లీచింగ్

బ్లీచింగ్ మచ్చను తీయదు. చుట్టూ ఉన్న పంటిని తెల్లబరిచి తేడాను తగ్గిస్తుంది, గోధుమరంగును పలచబరుస్తుంది. ఇంటి పద్ధతి మేలు: మీ పళ్ల అచ్చుతో చేసిన మెత్తటి ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ బియ్యపుగింజంత చొప్పున పెట్టి రాత్రి తొడుక్కుని పడుకోవడం, రెండు నుంచి నాలుగు వారాలు. జెల్ ఎక్కువ పోస్తే పొంగి చిగుళ్లను కాలుస్తుంది. మొదటి మూడు నాలుగు రోజుల్లో తెల్ల మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చాలామంది అక్కడే భయపడి ఆపేస్తారు. పన్ను ఆరడం వల్ల వచ్చిన మార్పు అది, కొనసాగిస్తే సర్దుకుంటుంది. పళ్లు జివ్వుమంటే ఒక రాత్రి వదిలి ఒక రాత్రి పెట్టుకోవచ్చు, 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడొచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. పద్దెనిమిది నిండని పిల్లలకు అందం కోసం చేయించొద్దు.

ముహూర్తం పెట్టుకుని వచ్చేవాళ్లకు లెక్క ఇది. బ్లీచింగ్‌కు మూడు వారాలు, ఆ తర్వాత రెజిన్ గట్టిగా అంటుకోవాలంటే కనీసం రెండు వారాల విరామం, ఆపై ఇన్‌ఫిల్ట్రేషనో కాంపోజిటో, చిన్న సవరణకు ఇంకో వారం. అంటే పెళ్లికి రెండు నెలల ముందు డాక్టరు దగ్గర ఉండాలి. లగ్నపత్రిక రాసుకున్న వారానికి వస్తే దొరికేది తొందరపాటు వెనీర్లే.

కాంపోజిట్, వెనీర్, క్యాప్

గుంటలు పడి అంచులు పెచ్చులూడిన పంటికి పై పద్ధతులు చాలవు. పంటి రంగు కాంపోజిట్‌ను, మనవాళ్లు ‘సిమెంట్’ అనేదాన్ని, పొరలుగా వేసి రూపం దిద్దుతారు. ఒకే రోజు పని, విరిగితే అక్కడికక్కడే అతుకుతారు. నాలుగైదేళ్ల నుంచి ఏడేళ్ల వరకు నిలుస్తుంది. చాయ్, పసుపు, తంబాకుతో అంచుల్లో రంగు పడుతుంది, ఏడాదికోసారి పాలిష్ కావాలి. గార పళ్ల మీద అంటించేటప్పుడు ఒక మెలిక ఉంది. పైపొర యాసిడ్‌కు మొండిగా ఉండటం వల్ల మామూలు పంటికి పట్టే సమయం చాలదు. పైపొరను కాస్త గరుకు చేసి, యాసిడ్ ఎక్కువసేపు ఉంచకపోతే ఆరు నెలలకే ఊడి చేతికొస్తుంది. ఊళ్లో ‘సిమెంట్ నిలవదు’ అనే మాట చాలావరకు ఇక్కడి నుంచే పుట్టింది.

పింగాణీ వెనీర్ కోసం పంటి ముందు భాగాన్ని 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల దాకా తీస్తారు. రంగు నిలుస్తుంది, పదేళ్లు దాటి ఉండొచ్చు. కానీ వెనక్కు తిరిగే దారి లేదు, పదేళ్లకో పదిహేనేళ్లకో మార్చాల్సిందే. ఇరవై రెండేళ్లకు వేయించుకున్నవారు జీవితంలో మూడు నాలుగుసార్లు ఆ ఖర్చు పెడతారు. రాత్రి పళ్లు కొరికేవాళ్లకు, గోళ్లు, సూదులు పళ్లతో పట్టేవాళ్లకు పగులుతుంది. పంటిని చుట్టూ చెక్కి తొడిగే క్యాప్ బాగా విరిగిన పంటికే తప్ప మచ్చకు కాదు. రూట్‌కెనాల్ అవసరం లేని పంటికి మచ్చ కోసం రూట్‌కెనాల్ చేసి క్యాప్ వేస్తామంటే లేచి వచ్చేయండి.

ఎవరికి ఏది

రెండేళ్ల పిల్లకు చిగురు అంచున తెల్ల పట్టీ ఉంటే ఈ వారమే రాత్రి సీసా మాన్పించి, వార్నిష్ వేయించాలి. తొమ్మిదేళ్ల పిల్లకు ఫ్లోరోసిస్ మచ్చలుంటే నీళ్లు మార్చి ఆగండి. పళ్లు ఇంకా పూర్తిగా బయటకు రాలేదు, చిగురు కింద ఏముందో తెలియదు. బడిలో ఏడిపిస్తున్నారని బాధపడితే మైక్రోఅబ్రేషన్ ఒక్కటి ఆలోచించొచ్చు. పదహారేళ్లకు క్లిప్పులు తీసినవారు ఆరు నెలలు పేస్టుతో ఆగి, మిగిలితే ఇన్‌ఫిల్ట్రేషన్. పాతికేళ్ల వయసులో తెల్ల మబ్బు, అక్కడక్కడా గోధుమరంగు ఉంటే బ్లీచింగ్, రెండు వారాల విరామం, తర్వాత ఇన్‌ఫిల్ట్రేషన్. గుంటలున్న పళ్లకు కాంపోజిట్. వెనీర్లు, అదీ కాంపోజిట్ రెండుసార్లు విఫలమయ్యాక, వయసు ముప్పై దాటాక. మచ్చ ఎవరికీ కనిపించనంత చిన్నదై, పన్ను ఆరోగ్యంగా ఉంటే ఏమీ చేయకపోవడం కూడా సరైన ఎంపికే.

ఏది చేయించినా తర్వాత రెండు రోజులు చాయ్, పసుపు కూరలు, తంబాకు మానండి. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీలతో గడపండి. అప్పుడే శుభ్రమైన ఎనామిల్ రంగును త్వరగా పీల్చుకుంటుంది.

నార్కట్‌పల్లిలో కామినేని, మహబూబ్‌నగర్‌లో ఎస్వీఎస్ దంత కళాశాలలు, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఉన్నాయి. కాలేజీల్లో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. ఖర్చు తక్కువ, సమయం ఎక్కువ. ఒక పూట అనుకున్నది రెండు పూటలవుతుంది, మూడు నాలుగుసార్లు రావాలి. తొందర లేనివాళ్లకు, ముఖ్యంగా ఫ్లోరోసిస్ కేసులకు అదే మంచి దారి, అక్కడ ఇలాంటి పళ్లు రోజూ చూస్తారు. ప్రైవేటు క్లినిక్‌లో అయితే మొదలుపెట్టే ముందు మూడు సంగతులు తేల్చుకోండి: నా మచ్చకు కారణం ఏమిటి, ఎంత ఎనామిల్ పోతుంది, ఇది సగమే పనిచేస్తే తర్వాత ఏం చేస్తారు. పంటికి ఎంతో కాగితం మీద రాయించుకోండి. తడి పళ్లకు, ఆరిన పళ్లకు విడివిడిగా ఫోటోలు తీయమనండి. చికిత్స తర్వాత పోల్చాల్సింది తడి ఫోటోతోనే.

ఇంట్లో చిన్నపిల్లలుంటే నీళ్ల సంగతి

పెద్దవాళ్ల పళ్ల మచ్చ ఇక పెరగదు, కానీ ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలకు హాని చేస్తాయి. పిల్లల పళ్లకైతే ఎనిమిదేళ్ల లోపే సమయం. భారత ప్రమాణం ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు నమూనా ఇవ్వండి. బోరును కొన్ని నిమిషాలు వదిలేసి, ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, లీటరు పట్టండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది.

మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కనవుతుంది. క్యాండిల్ ఫిల్టరు, రాగి బిందె, గుడ్డతో వడకట్టడం దీనికి పనికిరావు. ఆర్‌ఓ తగ్గిస్తుంది, అయితే పాతబడ్డ మెంబ్రేన్ (లోపలి వడపోత పొర) తగ్గించదు కాబట్టి బయటకొచ్చే నీళ్లనే ఏడాదికోసారి పరీక్ష చేయించాలి. క్యాన్ నీళ్లకూ అంతే. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన) సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి రూపొందించి దానికి మన జిల్లా పేరే పెట్టింది, నీళ్ల ఇంజినీర్లు దాన్ని నల్గొండ టెక్నిక్ అంటారు. పటిక మోతాదు ఆ నీటి ఫ్లోరైడ్‌ను, క్షారాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఇంట్లో అందాజాగా వేసుకునే పని కాదు.

నల్లా నీళ్లు తాగుతూ వంటకు బోరు నీళ్లు వాడే ఇళ్లు చాలా ఉన్నాయి. అన్నం, పప్పు ఆ నీళ్లన్నీ పీల్చుకుంటాయి. వంటకూ నల్లా నీళ్లే వాడండి. పిల్లలకు చాయ్ పోయొద్దు, తేయాకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది. పేస్టు మూడేళ్ల లోపు బియ్యపుగింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత, అదీ మీరే వేసి, ఉమ్మేదాకా పక్కన నిలబడాలి. తియ్యటి పేస్టును పిల్లలు మింగేస్తారు, ట్యూబు వాళ్ల చేతికి అందని గూట్లో పెట్టండి.